సవరణ: పాత సిజేరియన్లు, ల్యాప్రోస్కోపీ

ల్యాప్రోస్కోపీతో, అంటే పొట్టపై చిన్న రంధ్రాలు చేసి కెమెరాతో చూస్తూ, గర్భసంచి తీసేసే ఆపరేషన్ గురించి పోయిన వారం రాసినదాంట్లో ఒక మాట తప్పు. ‘రెండు సిజేరియన్లు అయినవాళ్లకు ల్యాప్రోస్కోపీ కుదరదు, పొట్ట కోయాల్సిందే’ అన్నాను. అంత ఖరాఖండీగా అనకూడదు. పాత కోత దగ్గర మూత్రాశయం గర్భసంచికి అతుక్కుని ఉండొచ్చు. విడదీసేటప్పుడు దానికి గాయమయ్యే ప్రమాదం కొంత ఎక్కువ. అందుకే చెయ్యి తిరిగిన సర్జన్ కావాలి, మధ్యలో పొట్ట తెరవాల్సి రావచ్చని ముందే చెప్పాలి. అంతేగానీ సిజేరియన్ ఒక్కటే అడ్డు కాదు. లావుగా ఉండటమూ అంతే. నిజానికి వాళ్లకు పెద్ద కోత కంటే చిన్న రంధ్రాలే నయం, కుట్లు చీము పట్టడం తగ్గుతుంది.

అసలు ఆలోచించాల్సింది గుండె, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్ల గురించి. పొట్టలో కార్బన్ డయాక్సైడ్ నింపి, తల కిందికి ఉండేలా పడుకోబెడతారు. ఆ ఒత్తిడి వాళ్లు తట్టుకోలేకపోవచ్చు.

క్యాన్సర్ మాటే ఎత్తలేదు, అది ఇంకా పెద్ద పొరపాటు. గర్భసంచిలో క్యాన్సర్ అనుమానం ఉంటే, చిన్న రంధ్రాల్లోంచి తీయడానికని దాన్ని లోపలే ముక్కలు చేయకూడదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చేసే పెద్ద ఆపరేషన్‌లోనైతే, ఈ రెండు పద్ధతులనూ పోల్చి 2018లో వెలువడిన ల్యాక్ (LACC) అధ్యయనంలో పొట్ట కోసి చేయించుకున్నవాళ్లలోనే జబ్బు తిరగబెట్టడం, మరణాలు తక్కువ.

నా పాత మాట పట్టుకుని ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకున్నవాళ్లుంటే, మీ డాక్టరును ఇంకోసారి అడగండి.