మూతేసిన ట్రే

సింగపూర్‌లో మన తెలుగువాళ్ల మొన్నటి కార్తీక వనభోజనాలకు వచ్చినవాళ్లు ఆ చివరి టేబుల్ చూసే ఉంటారు. కుండీలో ఉసిరి మొక్క పెట్టి దీపాలు వెలిగించిన చోటికి నాలుగడుగుల దూరంలో, కూల్‌డ్రింక్ పెట్టెల వెనకాల, మూతేసిన అల్యూమినియం ట్రే ఒకటి సాయంత్రం దాకా అలాగే ఉండిపోయింది. అందులో ఉన్నది వెజిటేరియన్ బీ హూన్, అంటే వేయించిన సన్న బియ్యపు సేమ్యా. తెచ్చింది మా పై అంతస్తు చైనీస్ ఆంటీ. ఆవిడను రమ్మని పిలిచింది నేను.

మొదట మూత తీయగానే పైన ఎర్రటి అంచులున్న ముక్కలు కనపడ్డాయి. "కార్తీక మాసంలో ఇదేంటండీ, పక్కన పెట్టించండి" అన్నారు పెద్దాయన ఒకరు. నెమ్మదిగానే, తెలుగులోనే. ఆంటీకి మాట అర్థం కాలేదు కానీ ట్రే ఎటు వెళ్లిందో చూసింది. నేను నోరు మెదపలేదు. అది ముందే ఒప్పుకుని మిగతాది రాస్తున్నాను.

ఆ ముక్కలు మాంసం కాదు. గోధుమపిండి ముద్దను నీళ్లలో కడగ్గా కడగ్గా మిగిలే జిగురుతో చేసినవి. మడతలు మడతలుగా ఉన్న ఇంకో రకం, సోయా పాలు కాచేటప్పుడు పైన కట్టే మీగడ. చైనీస్ బౌద్ధుల శాకాహారంలో ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధమే కాబట్టి ఆంటీ అవీ వేయలేదు. అదే పూట మనం లొట్టలేసుకుంటూ తిన్న గుత్తివంకాయలో మాత్రం వెల్లుల్లి ఘుమఘుమలాడింది. ఎవరూ మాట్లాడలేదు.

నాలుగేళ్ల క్రితం అమ్మ సింగపూర్ వచ్చినప్పుడు నాకూ ఇదే టెన్షన్. మాది అమరావతి పక్క పల్లె. అమ్మ ఏటా కార్తీకంలో అమరేశ్వరుడి దగ్గరికి వెళ్తుంది. అదే ఊళ్లో ఉన్న బౌద్ధ స్తూపాన్ని చూసింది మాత్రం జీవితంలో ఒక్కసారి. అలాంటి మనిషిని వాటర్లూ స్ట్రీట్‌కు తీసుకెళ్లాను. 1870లో మర్రిచెట్టు కింద మొదలైన కృష్ణుడి గుడి, దానికి నాలుగడుగుల్లో 1884 నాటి క్వాన్ ఇమ్ గుడి. అమ్మ కృష్ణుడికి దణ్ణం పెట్టుకుని బయటికి వచ్చేసరికి, కూరగాయల సంచి మోచేతికి తగిలించుకున్న చైనీస్ ముసలావిడ ఒకరు కృష్ణుడి గుడి ముందే మూడు అగరొత్తులు నుదుటి దాకా ఎత్తి పట్టుకుని కళ్లు మూసుకుని నిలబడ్డారు. అమ్మ చాలాసేపు చూసి, "మనకు రెండు, వీళ్లకు మూడా?" అంది. అంతే!

క్వాన్ ఇమ్ అంటే మన దేశపు బౌద్ధులు కరుణామూర్తిగా కొలిచిన అవలోకితేశ్వరుడే, చైనా వెళ్లి అమ్మవారయ్యాడని చెప్పాను. ఆ ముక్క అమ్మకు పెద్దగా ఎక్కలేదు. భక్తులు గొట్టంలో పుల్లలు గలగలలాడించి, కింద పడిన పుల్ల మీది నంబరుకు జోస్యం కాగితం తీసుకోవడం మాత్రం బాగా నచ్చింది. "చిలక ఒక్కటే తక్కువ" అంది.

తర్వాత శాకాహార హోటళ్లుండే ఫార్చ్యూన్ సెంటర్‌లో భోజనం. పళ్లెంలో చేప ముక్క, నల్లటి తోలుతో సహా. అమ్మ కుర్చీ వెనక్కి జరిపింది. సోయా ముద్దకు సముద్రపు నాచు తోలులా చుట్టారని కౌంటర్ ఆంటీ వచ్చి చెప్పింది. అమ్మ గోటితో ఆ తోలు కొంచెం లేపింది, వాసన చూసింది. "మన మీల్ మేకరే కదరా. మసాలా వేసి మాంసంలా వండుకునేది మనం కాదూ?" అని రెండు ముక్కలు తిని, ఉప్పు చాలలేదని తేల్చేసింది.

పెద్దాయన భయం ఉత్తదేమీ కాదు. ఇక్కడ వట్టి ఆకుకూర అనుకుని తెచ్చుకుంటే ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల మాంసంతో చేసేది) తగిలిన రోజులు మనందరికీ ఉన్నాయి. అందుకే అడగాలి. నేను పక్కనే ఉన్నాను, ఆంటీ ఎదురుగానే ఉంది. నన్నడిగినా ఆవిడ్నడిగినా ఒక్క నిమిషం పని. వనభోజనాల కమిటీకి నా విన్నపం: వచ్చే కార్తీకానికి ప్రతి గిన్నె ముందూ అందులో ఏం పడిందో చీటీ రాసి పెట్టించండి. మన గుత్తివంకాయ ముందు కూడా. ఆంటీని ఈసారి నేను కాదు, కమిటీ తరఫున ఎవరైనా వచ్చి పిలవండి.

ఆ బీ హూన్ మా ఇంట్లో మూడు రోజులు తిన్నాం. నాలుగో రోజు ఖాళీ ట్రే తిరిగివ్వబోతే లిఫ్టు దగ్గరే ఆంటీ ఎదురై, "మీవాళ్లకు కారం చాలలేదా?" అని అడిగింది. అవునన్నాను.