స్కూటర్ యోగం

ఎనిమిదేళ్ల పిల్లవాడు. సైకిల్ తొక్కుతూ ఒక చెయ్యి వదిలేసి ముక్కు తుడుచుకోగలడు. మలుపు దగ్గర లేచి నిలబడి తొక్కుతాడు. చైను ఊడితే పుల్లతో ఎక్కించి, ఆ గ్రీజు చేతులు నిక్కరుకి రాసుకుని మళ్లీ ఎక్కుతాడు. ఇంతటి నిష్ణాతుడి తండ్రి మొన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ కింద నన్ను ఆపి, ఆపరేషన్ చేయించాలా వద్దా అని అడుగుతున్నంత మెల్లగా అడిగారు: "మావాడికి సైకిల్ వచ్చేసింది కదండీ. ఇప్పుడు స్కూటర్ కూడా కొనాలంటారా, అక్కర్లేదంటారా?"

స్కూటరంటే మీ నాన్నగారు ఒక పక్కకి వంచి కిక్కు కొట్టిన స్కూటర్ కాదు. కాలితో నేలని తన్నుకుంటూ పోయేది. నిలబడడానికి ఒక పలక, పట్టుకోవడానికి ఒక కడ్డీ, కింద అరచేతిలో పట్టే చక్రాలు. సైకిల్ ఉన్నవాడికి ఇది ఉండాలా వద్దా అన్నది ఈ కాలపు ధర్మసందేహం.

నేను "కొనండి" అనుంటే అయిపోయేది. "వద్దులెండి" అన్నా అయిపోయేది. కానీ పెద్దమనిషి తరహాలో గడ్డం నిమురుకుని "ఆలోచించాల్సిన విషయమేనండీ" అన్నాను. అంతే, ఆలోచించడానికి జనం పోగయ్యారు.

ముందుగా మూడో అంతస్తు ఆవిడ వచ్చారు. "కొనండి అన్నయ్యగారూ, బ్యాలెన్స్ డెవలప్ అవుతుంది" అన్నారు. చెయ్యి వదిలేసి సైకిల్ తొక్కేవాడికి ఇంకా ఏ బ్యాలెన్స్ కావాలో, రేపు తీగ మీద నడిపిస్తారో ఏమో నాకు అర్థం కాలేదు. సైకిల్ రాని చిన్నపిల్లలు ముందు స్కూటర్ నడిపితే ఆ తూగు తర్వాత సైకిల్‌కి పనికొస్తుంది. అది నిజమే. కానీ వీడు ఆ గట్టు దాటి ఏడాదైంది. పరిగెత్తేవాడికి పాకడం నేర్పిస్తామంటున్నారు.

తర్వాత ఒక కుర్రాడు ఫోను చూసుకుంటూనే గుంపులోకి వచ్చాడు. "బేరింగులు ఏబెక్ సెవెన్ చూసుకోండి సార్. ఫైవ్ అస్సలు తీసుకోవద్దు." ఏబెక్ అంటే బేరింగుని ఎంత కచ్చితమైన కొలతలతో తయారుచేశారో చెప్పే అంకె. ఒకటి, మూడు, ఐదు, ఏడు, తొమ్మిది అని ఉంటాయి. అది ఎంత బరువు మోస్తుందో, లోపల ఇసుక పడితే ఏమవుతుందో ఆ అంకె చెప్పదు. మా సెల్లార్‌లో లిఫ్టు దగ్గర నుంచి మోటారు గది దాకా మహా అయితే యాభై అడుగులు. ఆ యాభై అడుగులూ పిల్లవాడు ఏడో నంబరు కచ్చితత్వంతో దొర్లాలన్నది ఆ తమ్ముడి పట్టుదల.

ఆ తర్వాత సభ రెండుగా చీలింది. మూడు చక్రాలదైతే పడడని ఒక వర్గం, మూడు చక్రాలది మూడేళ్లవాళ్లకని ఇంకో వర్గం. పన్నెండు సెంటీమీటర్ల చక్రమా, ఇరవై సెంటీమీటర్ల చక్రమా అన్న దగ్గర గొంతులు కూడా లేచాయి. ఒకాయన "బ్యాటరీది తీసుకోండి, కాలు కూడా కదపక్కర్లేదు" అన్నారు. పిల్లలకి కాళ్లూ చేతులూ కదలాలని మొదలైన చర్చే ఇది, గుర్తుంచుకోండి. ఇంతలో రిటైరైన పెద్దాయన రానే వచ్చారు. "మా రోజుల్లో పాత టైరుని పుల్లతో కొట్టుకుంటూ..." అని అందుకున్నారు. మనవాళ్ల ప్రతి సభలోకీ ఈ టైరు దొర్లుకుంటూ వస్తుంది. పక్కకి తప్పుకుని దారివ్వడం తప్ప చేసేదేమీ లేదు.

నేను మాత్రం ఊరుకున్నానా? నాకు తెలిసిన చరిత్ర ఒలకబోశాను. 1817లో జర్మనీలో కార్ల్ ద్రైస్ అనే ఆయన రెండు చక్రాల బండి చేశాడు. దానికి పెడళ్లు లేవు. ఎక్కి కూర్చుని రెండు కాళ్లతో నేలని తన్నుకుంటూ పోవడమే. పెడళ్లు 1860ల్లో వచ్చాయి. అంటే కాళ్లు నేల మీంచి పైకెత్తడానికి మనిషికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. ఇప్పుడు అందులో ఒక కాలు మళ్లీ కింద పెట్టడానికి మనం డబ్బు పోసి బండి కొంటున్నాం.

ఈ మడతపెట్టే స్కూటర్ని 1990ల్లో తయారుచేసింది స్విట్జర్లాండ్‌కి చెందిన వీమ్ ఔబోటర్. పిల్లల వికాసం కోసం మాత్రం కాదు. ఒక సాయంత్రం ఏదో తిందామని బయల్దేరబోతే, ఆ కొట్టు నడిచి వెళ్లడానికి దూరం, కారు బయటికి తీయడానికి దగ్గర. ఆ మధ్యదూరపు బద్ధకంలోంచి పుట్టిందీ బండి. అందులో తప్పేమీ లేదు, నేను ఆయన బద్ధకానికి అభిమానిని. ఆయన ఆకలి పిల్లల బ్యాలెన్స్‌గా ఎప్పుడు మారిందన్నదే నా సందేహం.

అసలు చెప్పాల్సింది డన్లప్ సంగతి. గాలి టైరుకి 1888లో పేటెంట్ తీసుకున్న ఆయన బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు. కొడుకు మూడు చక్రాల సైకిల్ తొక్కుతుంటే ఆ గట్టి చక్రాలకి ఒళ్లు హూనమవుతోంది. డన్లప్ కొడుక్కి ఇంకో బండి కొనలేదు. నలుగురిని పోగేసి సలహా అడగలేదు. ఉన్న చక్రాలకే గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టాడు. ఆయన అంత కష్టపడి ఎక్కించిన గాలిని మనం ఇప్పుడు తీసేసి, గట్టి ప్లాస్టిక్ చక్రాలు బిగించి, "దీనికి పంక్చర్ గొడవ లేదండీ" అని మురిసిపోతున్నాం. ఆ చిన్న చక్రం సంగతి కూడా చెప్పాను. సైకిల్ ఎక్కి దాటేసే గులకరాయి దగ్గర స్కూటర్ టక్కున ఆగుతుంది. స్కూటర్ ఆగుతుంది కానీ పిల్లవాడు ఆగడు.

సభ రెండు క్షణాలు మౌనం పాటించింది. తర్వాత "కలర్ ఏది తీసుకుందాం?" అంది. గంటన్నర చర్చలో హెల్మెట్ మాట ఒక్కసారే వచ్చింది. అదీ స్కూటర్ రంగుకి మ్యాచ్ అవుతుందా అని. సైకిల్‌కి కొన్నదే దీనికీ సరిపోతుందని ఎవరూ అనలేదు. ఆ సైకిల్ హెల్మెట్ షూ ర్యాక్ మీద ఉంది, అందులో ఉల్లిపాయలు పెట్టుకుంటున్నారు.

ఈ గంటన్నరా పిల్లలేం చేస్తున్నారో చూసినవాళ్లు లేరు. నేను చూశాను, ఎందుకంటే చర్చలో నా వంతు అయిపోయింది. రెండో అంతస్తు పిల్లకి స్కూటరుంది. వీడికి సైకిలుంది. "ఒక రౌండు నువ్వు, ఒక రౌండు నేను" అన్న ఒప్పందం అర నిమిషంలో కుదిరింది. వాడు ఎక్కిన వెంటనే పడ్డాడు. మోకాలు చూసుకున్నాడు. మేం చూశామేమోనని మా వైపు చూశాడు. మేం బేరింగుల మీద ఉన్నాం కాబట్టి ఏడవకుండా లేచాడు. పది నిమిషాలు తిరిగేసరికి వచ్చేసింది. ఆపాలంటే వెనక చక్రం మీది రేకుని మడమతో తొక్కాలని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టాడు. ఒకే కాలితో తన్నితే నిలబడిన కాలు లాగుతుందని కూడా కనిపెట్టి, రెండో కాలు మార్చాడు. ఇరవయ్యో నిమిషానికి స్కూటర్ తిరిగిచ్చేసి, తన సైకిల్ లాక్కున్నాడు. పోతూ పోతూ ఆ పిల్లతో అన్నాడు: "నీ దాని మీంచి దూకడం బాగుంది. కానీ నాదే ఫాస్టు."

కొనాలా వద్దా అన్నదాని మీద నేను విన్న అన్ని అభిప్రాయాల్లోకీ బుర్ర పెట్టి చెప్పింది అదొక్కటే. ఎప్పుడంటే అప్పుడు దిగిపోవచ్చు, మడిచి చంకలో పెట్టుకోవచ్చు, దూకొచ్చు. దూరం పోవాలంటే మాత్రం సైకిలే. కావాలనుకుంటే అడిగి తీసుకుని తిప్పుకోవచ్చు. అయిపోయింది.

అప్పుడు వాచ్‌మన్ ఈల వేశాడు.

"బాబూ, పైకెళ్లిపోండి. ఇక్కడ తొక్కకూడదు. సెక్రటరీ గారు చూస్తే నన్నంటారు." పాపం, అతని తప్పేమీ లేదు. గోడ మీద బోర్డుంది. సెల్లార్‌లో సైకిళ్లు, స్కేట్లు, బంతులు నిషేధం. పోయినేడాది ఎవరి కారు తలుపు మీదో గోరంత గీత పడింది. ఆ గీత కోసం అత్యవసర సమావేశం పెట్టి, ఐదు నిమిషాల్లో తీర్మానం చేశారు. బ్యాలెన్స్ ఆవిడ చెయ్యెత్తారు. ఏబెక్ తమ్ముడు ఫోన్‌లోంచి సరేనన్నాడు. టైరు పెద్దాయన చప్పట్లు కొట్టారు. పిల్లవాడి తండ్రి సంతకం పెట్టారు. ఆయన కింద నేనూ పెట్టాను.

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. ఈ ఇళ్లు అమ్మేటప్పుడు ఇచ్చిన రంగుల కాగితంలో వెనకవైపు పచ్చగా ఒక చోటుంది. అందులో బెలూన్లు పట్టుకున్న పిల్లల బొమ్మలున్నాయి. ఇప్పుడా చోట జనరేటర్ ఉంది, విజిటర్స్ పార్కింగ్ ఉంది. బొమ్మలోని బెలూన్లెక్కడికి పోయాయని ఒక్కరంటే ఒక్కరం అడగలేదు. మన కారు నిలబడడానికి తెల్ల గీతలు గీసి, నంబరు వేసి, పక్కవాడు జానెడు జరిగితే యుద్ధానికి దిగుతాం. అదే పిల్లవాడు కదలడానికి జానెడు నేల అడిగితే మాత్రం ఈల వేయిస్తాం. గేటు దాటించి రోడ్డు మీదికి పంపుదామంటే అక్కడా మన కార్లే, మన హారన్లే. వాడికి నేల లేకుండా చేసింది మనమే. చేసి, సాయంత్రం కిందికి దిగి, ఏ బండి కొంటే పిల్లవాడు చురుగ్గా ఉంటాడని సెంటీమీటర్లు కొలుస్తున్నాం. సిగ్గుండాలి. రెండో బండి ఎందుకు కొంటామో తెలుసా? బండికైతే డబ్బిస్తే సరిపోతుంది. నేల కావాలంటే మన కారు జరపాలి.

సరే, కోపం పక్కన పెడదాం. స్కూటర్ వచ్చింది. నీలం రంగుది, ఏబెక్ సెవెన్. మొదటి రోజు హాల్లో సోఫాకీ టీవీకీ మధ్య తిరిగింది. కింది ఫ్లాట్‌వాళ్లు చప్పుడని కంప్లయింట్ చేశారు. ఇప్పుడది మడిచిపెట్టిన చోటే, బాల్కనీలో సైకిల్ పక్కన నిలబడి ఉంది.

ఈ మధ్య నాలుగు రోజులు ఊరెళ్లాను. నా కారు పద్నాలుగో నంబరు గడిలో ఉంటుంది, మూల మీద, వాచ్‌మన్‌కి కనపడని చోటు. రాత్రి తిరిగొచ్చి హెడ్‌లైట్లు వేసుకుని లోపలికి తిప్పేసరికి, నా గడి నిండా సుద్దముక్క గీతలు. ఎనిమిది అంకె ఆకారంలో ఒక దారి, దాని మీద అడ్డంగా బాణాలు, ఒక చివర వంకర అక్షరాల్లో 'స్టార్ట్'. ఒక్క క్షణం బ్రేకు మీద కాలు అలాగే పెట్టి కూర్చున్నాను. తర్వాత ముందు చక్రం సరిగ్గా ఆ 'స్టార్ట్' మీద పెట్టి ఇంజన్ ఆపాను.

మెట్ల మీద ముగ్గురు పిల్లలు కూర్చుని ఉన్నారు. ఆ సైకిల్ పిల్లవాడు లేచి వచ్చి, అడక్కుండానే నా సంచీ ఒకటి అందుకున్నాడు. మా ఆవిడ మురిసిపోయి "పిల్లలకి మీరంటే ఎంత ఇష్టమో చూశారా" అంది. లిఫ్టు దాకా బుద్ధిగా మోసుకొచ్చి, సంచీ కింద పెట్టి, చాలా మర్యాదగా అడిగాడు.

"అంకుల్, మళ్లీ ఊరెప్పుడెళ్తారు?"