సవరణ: టైర్లలో గాలి 50 కాదు

అనంతగిరి కొండల్లో మొదటిసారి మౌంటెన్ బైక్ తొక్కబోయేవాళ్ల కోసం పోయినవారం రాసినదాంట్లో తప్పు దొర్లింది. టైర్లలో 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి కొట్టించమన్నాను. టైరు మీద అచ్చయిన గరిష్ఠ అంకె చూసి రాసేశాను. అది హద్దే తప్ప సలహా కాదు. అంత గాలితో ఆ ఎర్రమట్టి బాటలోకి దిగితే సైకిల్ ప్రతి రాయికీ ఎగిరిపడుతుంది, మలుపులో జారుతుంది.

ట్యూబున్న 2.2 అంగుళాల టైరుకి, 70 కిలోల మనిషైతే ముందు 26, వెనక 29 దగ్గర మొదలుపెట్టండి. బరువు ఎక్కువైతే రెండు మూడు పెంచండి. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. మొదటి రైడ్‌లోనే పంక్చరు వేసుకుంటూ కూర్చోవడం నాకు అనుభవమే!

‘ముందు చక్రం బ్రేకు ముట్టుకోవద్దు’ అన్నది కూడా సరిగా చెప్పలేదు. దిగుడులో ఒక్కసారిగా పట్టొద్దని నా ఉద్దేశం. నిజానికి సైకిల్‌ని ఆపే బలం ఎక్కువగా దానిదే. నడుము కాస్త వెనక్కి జరిపి, ఒక వేలితో మెల్లగా నొక్కండి. అది ఏ చేతి వైపు ఉందో బయలుదేరకముందే చూసుకోండి, అన్ని సైకిళ్లకీ ఒకేలా ఉండదు.

హెల్మెట్, రెండు లీటర్ల నీళ్లు, స్పేర్ ట్యూబు గురించి రాసినదాంట్లో మార్పు లేదు.