ఓస్, ఇంతేనా!

ఎంత గొప్ప ఆవిష్కరణనైనా ఒక్క మాటతో కూల్చేయగల నిపుణులు హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో పొద్దస్తమానం ఖాళీగా కూర్చుని ఉంటే, పేటెంట్ కోర్టులు వాళ్లను ఇంతవరకూ సాక్ష్యానికి పిలవకపోవడం విచారకరం. ఆ మాట: "ఓస్, ఇంతేనా? నాకెప్పుడో తట్టింది."

వీళ్లకు బదులు పేటెంట్ చట్టం ఒక ఊహా పురుషుణ్ణి నమ్ముకుంది. ఆయన పేరు "ఆ రంగంలో నైపుణ్యం గల వ్యక్తి". ఏ దేశంలో ఏ భాషలో అచ్చయినా, తన రంగానికి సంబంధించిన ప్రతి కాగితమూ ఆయన చదివేసినట్టే లెక్క. సొంత బుర్ర మాత్రం మరీ ఎక్కువ ఉండకూడదు. పాత వస్తువులు రెండు కలిపి ఎవరైనా పేటెంట్ అడిగితే, అది ఈయనకు తట్టేదా కాదా అన్నదే తగాదా. తట్టేదైతే పేటెంట్ లేదు. పుట్టని మనిషికి ఏం తట్టి ఉండేదో పెద్ద పెద్ద లాయర్లు ఫీజు పుచ్చుకుని మరీ చెబుతారు.

అమెరికాలో ఒక కారు పెడల్ గొడవ ఇలాగే సుప్రీంకోర్టు దాకా పోయింది. ముందుకీ వెనక్కీ జరిపే పెడల్ పాతదే, ఎలక్ట్రానిక్ సెన్సరూ పాతదే. రెండూ కలపమని ఫలానా చోట రాసి ఉందా అంటూ కింది కోర్టు కాగితాలు వెతికింది. మామూలు మనిషికీ మామూలు బుర్ర ఉంటుందని, ఈ కలయిక దానికి తట్టేదేనని 2007లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. మన సుప్రీంకోర్టు 1978లోనే, గిన్నెలు చేసే లేత్ మీద వచ్చిన కేసులో, వర్క్‌షాపులో చేసుకునే చిన్న మార్పుకు పేటెంట్ ఇవ్వలేమంది.

మందుల కంపెనీల ఊరు కనుక ఇంకో సంగతీ చెప్పాలి. రెండు మందులు ఒకే మాత్రలో కలిపింది తామైతే, అది ఎవరి ఊహకూ అందనిది. పక్క కంపెనీ కలిపితే, కాంపౌండర్‌కైనా తట్టేదే. సైన్స్ అదే, లెటర్‌హెడ్డే వేరు.

ఇక మన చట్టంలోని సెక్షన్ 3(ఎఫ్). తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టినంత మాత్రాన, దేనికది తెలిసిన పద్ధతిలో విడివిడిగా పనిచేసుకుపోతుంటే అది ఆవిష్కరణ కాదంటుంది. ఇది చదవగానే నాకు మన రోడ్లు వేసే శాఖ, పైపుల కోసం తవ్వే శాఖ కళ్లముందు మెదిలాయి. దేని దారి దానిదే. ఒకటి తారు పోసి వెళ్తుంది, వారం తిరక్కుండా రెండోది గునపంతో దిగుతుంది.

అయినా వీళ్లు చెన్నై పేటెంట్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలని నా మనవి, మనది ఆ పరిధే కనుక. కలయికలో కొత్త ఫలితం రావాలి కదా, వస్తోంది. ఉత్త రోడ్డుతోగానీ ఉత్త గోతితోగానీ రానిది, రెండూ కలిసి గంట వాన పడితే చాలు, నడిబజార్లో చెరువు వచ్చేస్తుంది. ఇది హైదరాబాద్‌లో ఎవరికైనా తట్టేదేగా అని ఎగ్జామినర్ అభ్యంతరం చెప్పొచ్చు. జవాబు సిద్ధంగా ఉంది. "ఇంత నీరు నిలుస్తుందని ఊహించలేదు" అని ఏటా వానాకాలంలో చెప్పేది సాక్షాత్తూ ఆ శాఖల ఇంజనీర్లే. ఆ రంగంలో నైపుణ్యం గల వ్యక్తులంటే వాళ్లేగా మరి?