పులగాన్ని కూడా రుచి చూడండి

జనవరి మొదట్లో అమెరికాలోని మన తెలుగు సంఘం విజయవాడలో పెట్టిన సంక్రాంతి కలయిక ఫోటోలు మీలో చాలామంది ఇప్పటికే చూసి ఉంటారు. ముగ్గులు బాగున్నాయి. హరిదాసు వేషం కట్టిన కుర్రాడు చక్కగా పాడాడు. సేవా కార్యక్రమాల వివరాలు చదివారు, సన్మానాలు చేశారు. వాటి గురించి నాకు ఫిర్యాదేమీ లేదు. నేను రాస్తున్నది మధ్యాహ్నం జరిగిన వంటల పోటీ గురించి. సభ్యుల ఇళ్లలోని పెద్దవాళ్లను పిలిచి, ఇంటి వంట చేసి తెమ్మని అడిగి పెట్టిన పోటీ అది.

మా పిన్ని గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చింది. తెచ్చింది పులగం (బియ్యం, పెసరపప్పు కలిపి వండేది), కొరివికారం (పండుమిర్చి పచ్చడి), చిన్న గిన్నెలో నెయ్యి. తెల్లవారుజామునే లేచి వండి, స్టీలు క్యారియర్‌లో సర్ది, చల్లారకుండా చుట్టూ తువ్వాలు చుట్టి, బస్సులో దారంతా ఒళ్లోనే పెట్టుకుని తెచ్చింది. బల్ల మీద ఆమె గిన్నెకు ఒక పక్క చాక్లెట్ పూర్ణం బూరెలు, ఇంకో పక్క పనసపొట్టు బిర్యానీ ఉన్నాయి. న్యాయనిర్ణేతల్లో ఒకాయన మూత తీసి చూసి, "పులగమే కదండీ! ఇందులో వంటేముందమ్మా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పిన్ని నవ్వలేదు. "ధనుర్మాసం కదా బాబూ, మా ఇంట్లో పొద్దున్నే ఇదే పెడతాం" అంది. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని పక్క గిన్నె దగ్గరికి వెళ్లిపోయారు. మెతుకు నోట్లో వేసుకోలేదు.

బహుమతి బూరెలకు వచ్చింది. ఆ అమ్మాయి కష్టపడి చేసింది, తినడానికి బాగానే ఉన్నాయి. నా బాధ బహుమతి గురించి కాదు. రుచి చూడకుండానే గిన్నె దాటి వెళ్లడం నాకు నచ్చలేదు.

పులగంలో వంటేముందని అడిగారు కాబట్టి చెబుతాను. కృష్ణా డెల్టాలో సార్వా (ఖరీఫ్) వరి నవంబరు, డిసెంబరు నెలల్లో కోతకు వస్తుంది. కొత్త బియ్యం వండితే మెతుకు విడివిడిగా రాదు, జిగురుగా ముద్దవుతుంది. పిల్లలకు పొట్ట బరువని రోజువారీ అన్నానికి మన పెద్దవాళ్లు పాత బియ్యమే వాడేవారు. కానీ పండిన పంట ఇంటికొచ్చిన నెలలో దాన్ని దేవుడికి పెట్టకుండా, తినకుండా ఎలా? అందుకే ముద్దైనా ఫరవాలేని వంటలు చేశారు. పులగం, పరమాన్నం, చక్రపొంగలి, అరిసెలు. గ్లాసు బియ్యానికి అర గ్లాసు పెసరపప్పు. పప్పు కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించాలి. నాలుగున్నర గ్లాసుల నీళ్లు, తగినంత ఉప్పు. అంతే. అల్లం వెల్లుల్లి లేదు, పోపు లేదు, జీడిపప్పు లేదు. చలి పొద్దుల్లో వేడివేడిగా నెయ్యి వేసుకుని తింటే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తురాదు.

మరి నంజుకోవడానికి కారం కావాలి కదా. ఆ కారం కూడా ఆ నెలదే. మిర్చి యార్డుకు ఎండు కాయల టిక్కీలు (బస్తాలు) వరసగా చేరే రోజులకు ముందే గుంటూరు బజార్లలోకి పండుమిర్చి వస్తుంది. ఎర్రగా నిగనిగలాడే ఆ కాయల్ని మా నాయనమ్మ ఒక్కొక్కటీ నొక్కి చూసి ఏరేది. మెత్తబడ్డ కాయ ఒక్కటి పడినా జాడీ మొత్తం పాడవుతుందనేది. తొడిమలతోనే కడిగి, పాత ధోవతి మీద ఆరబోసి, తడి పూర్తిగా ఆరాకే తొడిమలు తీయనిచ్చేది. ముందే తీస్తే నీరు కాయలోకి దిగుతుంది, పచ్చడికి బూజు పడుతుంది. కిలో కాయలకు పావు కిలో చింతపండు, పావు కిలోకు కాస్త తక్కువగా కల్లుప్పు, కాస్త పసుపు. పెరట్లో రోట్లో వేసి అమ్మ, పిన్ని చెరో రోకలి పట్టుకుని దంచేవాళ్లు. ఘాటుకు వీధి గుమ్మం దాకా దగ్గులే. పిల్లల్ని ఆ చాయలకు రానిచ్చేవాళ్లు కాదు, మేం కిటికీ దగ్గర నిలబడి చూసేవాళ్లం. మూడో రోజు జాడీలోంచి తీసి మళ్లీ మెత్తగా నూరి, వేయించిన మెంతిపిండి కలిపి, ఇంగువ పోపు పెట్టేవాళ్లు. ఆ రోజు రోట్లో అడుగున మిగిలినదాంట్లో వేడన్నం, నెయ్యి వేసి నాయనమ్మ కలిపేది. ముద్ద చేతిలో పడగానే కళ్లలో నీళ్లు తిరిగేవి, అయినా రెండో ముద్దకు చెయ్యి చాచేవాళ్లం. మా అన్నయ్యకు ఎప్పుడూ పెద్ద ముద్ద పడేది. నాకు ఇప్పటికీ ఆ విషయంలో కోపమే.

పిన్ని ఇప్పుడు మిక్సీలో వేస్తుంది. భుజం నొప్పి, రోకలి ఎత్తలేదు. రుచిలో పెద్ద తేడా లేదనే అంటుంది, నేనూ ఒప్పుకుంటాను. పనిముట్టు మారడం వల్ల నష్టమేమీ లేదు. ఏ నెలలో ఏది, ఎందుకు అన్నది మరిచిపోతేనే నష్టం. రథసప్తమికి చిక్కుడాకుల్లో పరమాన్నం, శ్రీరామనవమికి పానకం, వడపప్పు, ఎండలు ముదిరాక ఆవకాయ, ఆషాఢంలో మునగాకు, నాగులచవితికి నువ్వుల చిమ్మిలి, కార్తీకంలో ఉసిరికాయ. వీటిలో చాలావాటికి పొయ్యి కూడా వెలిగించక్కర్లేదు. వడపప్పంటే నానబెట్టిన పెసరపప్పే. పానకంలో బెల్లం, మిరియాలు, యాలకులే. పోటీ బల్ల మీద పెడితే వీటిక్కూడా పులగానికి పట్టిన గతే పడుతుంది. కానీ చైత్రమాసపు ఎండలో మంగళగిరి మెట్లెక్కి, కొండ మీద పానకాలస్వామి దగ్గర గ్లాసుడు పానకం తాగినవాళ్లెవరూ అది వంటేనా అని అడగరు.

నిర్వాహకుల ఇబ్బందులు నాకు తెలుసు. అమెరికాలో అద్దెకు తీసుకునే చాలా హాళ్లలో బయటి వంట రానివ్వరు, లైసెన్సున్న కేటరింగ్ వాళ్లే వడ్డించాలంటారు. వందల మందికి ఇంట్లో వండటం ఎవరివల్లా కాదు. వేరుశనగ, నువ్వులు పడని పిల్లలు ఉన్నారు, ఆ టెన్షన్ నిజమైనదే. అక్కడ పుట్టిన పిల్లలు చాక్లెట్ బూరె చూసైనా బల్ల దగ్గరికి వస్తారన్న వాదన కూడా కొట్టిపారేయదగ్గది కాదు.

మన పాత వంటిళ్లలో అన్నీ బాగుండేవని కూడా నేననను. మా అమ్మ పండగ రోజు వేడన్నం తినడం నేను చూడలేదు. అందరూ తిన్నాక, చల్లారిన పులుసుతో, పీట కూడా వేసుకోకుండా కూర్చునేది. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు ఆవకాయ జాడీ ఉన్న గది గడప తొక్కకూడదనేవారు. పనిచేయడానికి వచ్చిన మనిషికి పెరట్లోనే, విడిగా పెట్టిన కంచంలోనే పెట్టేవాళ్లు. అది తప్పు. ఆ అలవాట్లు పోవాలి, చాలా ఇళ్లలో పోయాయి కూడా. పోయినందుకు పులగం రుచేమీ తగ్గలేదు.

ఇవన్నీ తూచి చూశాక కూడా నా మనసు ఆ గిన్నె దగ్గరే ఆగుతోంది. అసలు పెద్దవాళ్లను మనమెందుకు పిలిచాం? హోటల్లో దొరకనిది వాళ్ల చేతుల్లో ఉందని. దొరకనిది తెచ్చినప్పుడు అలంకరణ లేదని, కొత్తదనం లేదని పక్కన పెడితే, మళ్లీ పిలిస్తే వాళ్లేం తెస్తారు? యూట్యూబ్‌లో చూసి ఏదో చేసి తెస్తారు. తిరుగు బస్సులో పిన్ని అదే అడిగింది: "వచ్చే ఏడాదికి ఏదైనా గొప్పగా ఉండేది నేర్చుకోనా అమ్మా?" వద్దని చెప్పాను. కానీ ఆ మాట ఆమె నోటివెంట వచ్చినందుకు నాకు చాలా బాధ కలిగింది. డెబ్బై దాటిన మనిషి, ఆ ఇంట్లో అందరికీ వండిపెట్టిన మనిషి, తన వంట చాలదేమో అనుకుంటోంది.

కార్యవర్గాన్ని చేతులు జోడించి అడుగుతున్నాను. ఇంటి వంటలకు మార్కులు వద్దు. తెచ్చిన ప్రతివాళ్లనూ బల్ల దగ్గరే నిలబడి రెండు నిమిషాలు మాట్లాడమనండి: ఇది ఏ నెలలో చేస్తారు, ఎవరు నేర్పారు, ఎందుకు చేస్తారు. మన పత్రికలో నెలకో పేజీ ఇవ్వండి. కొలతలు వాళ్లు చెప్పినట్టే, గ్లాసు, దోసెడు, చిటికెడు అనే అచ్చువేయండి, గ్రాముల్లోకి మార్చకండి. అమ్మానాన్నలు ఊళ్లోనే ఉన్నవాళ్లు ఈ వారం ఫోన్ చేసి, వాళ్లు చెబుతుండగా రికార్డు చేయండి.

ఇక ఉగాది దగ్గర పడుతోంది. అమెరికాలో మనం పెట్టుకునే ఉగాది సభకు ఈసారి పచ్చడి కేటరింగ్ వాళ్లకు ఇవ్వకండి. పోయినసారి వాళ్లు చేసిన దాంట్లో వేపపువ్వు లేదు, పిల్లలు తినరని పంచదార దట్టించారు. పొయ్యి అక్కర్లేదు కాబట్టి హాలు వాళ్లను అడిగితే ఒప్పుకోవచ్చు, అడిగి చూద్దాం. మంచు పడే ఊళ్లలో వేపచెట్టు బతకదు కానీ, ఎండబెట్టిన పువ్వు మన దుకాణాల్లో దొరుకుతుంది. కొత్త బెల్లం, కొత్త చింతపండు, పుల్లటి మామిడికాయ, ఉప్పు, పచ్చిమిర్చి. చింతపండు పిసకడానికి ఇద్దరు, మామిడికాయ తరగడానికి నలుగురు, కలపడానికి పెద్దవాళ్లెవరైనా ఒకరు ఉంటే చాలు. పిల్లల్ని కూడా తరగడానికి కూర్చోబెడదాం. సభ మొదలవడానికి రెండు గంటల ముందు నేను హాలు దగ్గర ఉంటాను, నా పేరు రాసుకోండి.