శాసనానికి ఉన్న ప్రతిష్ఠ బూడిద పొరకు ఎందుకు లేదు?

రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా, ఏ రాజవంశం ఎవరిదన్న పంచాయితీ మాత్రం తెగలేదు. శాతవాహనుల తొలి కేంద్రం తెలంగాణలోని కోటిలింగాలా, ఆంధ్రలోని ధాన్యకటకమా అన్న చోట మొదలై కాకతీయుల మీదుగా కుతుబ్‌షాహీల దాకా సాగే ఈ పంపకంలో ఇరువైపుల వారు చూపే ఉత్సాహంలో పదో వంతు కూడా అంతకు ముందున్న, రాత లేని చరిత్రపూర్వ కాలంపై కనిపించదు. పాఠ్యపుస్తకంలో ఆ కాలానికి దక్కేది చిన్న అధ్యాయం, మూడు యుగాల పేర్లు, కొన్ని పనిముట్ల బొమ్మలు. ఆ వెంటనే మౌర్యులు వచ్చేస్తారు. ఈ నేల మీద మనిషి గడిపిన కాలంలో రాతకు అందినది రెండు వేల పైచిలుకు ఏళ్లు మాత్రమే. మిగిలినదంతా ఉపోద్ఘాతంగా చూపి దాటవేయడం బోధనలో జరిగిన చిన్న లోపం కాదు; చరిత్ర అంటే రాజుల వరుస అన్న మన నమ్మకానికి అది నేరుగా పుట్టిన ఫలితం.

నంద్యాల జిల్లా జుర్రేరు లోయలోని జ్వాలాపురాన్నే తీసుకోండి. సుమారు 74,000 ఏళ్ల క్రితం సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలింది. గత ఇరవై లక్షల ఏళ్లలో భూమి చూసిన అతిపెద్ద విస్ఫోటాల్లో అదొకటి. సముద్రం దాటి వచ్చిన ఆ బూడిద ఈ లోయలో కొన్నిచోట్ల మనిషి నిలువెత్తును మించి పేరుకుంది. ఆ విస్ఫోటంతో భూమి ఏళ్ల తరబడి చల్లబడిందనీ, మానవజాతి కొద్ది వేల మందికి కుదించుకుపోయిందనీ ఒక బలమైన సిద్ధాంతం అప్పటికే ప్రచారంలో ఉంది. పురావస్తు శాస్త్రవేత్తలు మైఖేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ తదితరులు 2007లో ప్రచురించిన ఫలితాలు ఆ సిద్ధాంతాన్ని ఇబ్బందిలో పెట్టాయి. బూడిద పొర కింద దొరికిన రాతి పనిముట్లకూ, దాని పైన దొరికిన వాటికీ దగ్గరి పోలిక ఉంది. అంటే ఆకాశం నుంచి బూడిద కురిసిన తరువాత కూడా ఈ లోయలో ఎవరో బతికి, అదే పద్ధతిలో రాళ్లు చెక్కుకున్నారు. వారు మన జాతి మనుషులేనా, మరో మానవ జాతివారా అన్నది తేలలేదు; ఆ పొరల్లో మానవ ఎముకలు దొరకలేదు. తేలకపోవడమే ఇక్కడి గొప్ప విషయమని నేనంటాను. ప్రపంచ శాస్త్రవేత్తలు నేటికీ తగవులాడుకుంటున్న ప్రశ్నకు సాక్ష్యం కర్నూలు ప్రాంతపు మట్టిలో ఉండగా, ఆ ప్రాంతపు పదో తరగతి విద్యార్థికి మాత్రం ఏ రాజు ఏ బిరుదు ధరించాడో తెలిస్తే చాలునని మనం నిర్ణయించాం.

కాలంలో ఇంకాస్త ఇటు వస్తే దక్కనులోని బూడిద దిబ్బలు కనిపిస్తాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు), అనంతపురం జిల్లా పాలవాయిలో, బళ్లారి దగ్గర కుప్‌గల్‌లో ఇవి ఉన్నాయి. ఇవి పశువుల పేడ కుప్పలు కాలగా ఏర్పడ్డవని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 19వ శతాబ్దిలోనే ఊహించాడు. 1950లలో ఉట్నూరును తవ్విన పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్‌కు ఆ పొరల మధ్య పశువుల గిట్టల గుర్తులు కూడా దొరికాయి. దాదాపు అయిదు వేల ఏళ్ల కిందట మొదలైన ఆ పశుపాలకుల కాలంలోనే ఇక్కడ ఉలవలు, పెసలు, అండుకొర్రలు పండించారని కాలిన గింజల అవశేషాలు చెబుతున్నాయి. ఏ చక్రవర్తి కానుకా మన కంచంలో ఇంతకాలం నిలవలేదు. ఆ దిబ్బలు ఈ రోజు మూడు రాష్ట్రాల్లో ఉన్నాయి కనుకే వాటిని ఎవరూ సొంతం చేసుకోరు, ఎవరూ పట్టించుకోరు.

శాసనాలు దొరికిన కాలంలోనూ మన చూపు రాజు దగ్గరే ఆగుతుంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనాన్ని ఆయన ఔదార్యానికి నిదర్శనంగా చదువుతాం. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారని, ఇకపై నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని అందులో ఉంది. ఆ హామీని రాతిమీద చెక్కించాల్సిన అవసరం కల్పించినవారు సముద్ర వర్తకులు. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మేలిరకం ఉక్కును మూసల్లో కరిగించి తీసిన కమ్మరులను, ఆ ఉక్కు కోసం అంత దూరం వచ్చిన పర్షియా వ్యాపారులను గోల్కొండ సుల్తానుల కథకు అనుబంధంగానైనా చెప్పం. 1611లో ఇంగ్లీషు వారి ఓడ మచిలీపట్నం చేరడం పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. ఆగ్నేయాసియాలో సుగంధ ద్రవ్యాలు కొనడానికి మారకంగా పనికొచ్చిన కోస్తా అద్దకపు బట్టలను నేసినవారు, రంగు వేసినవారు ఆ ప్రశ్నలో లేరు.

రాత లేని కాలం గురించి చెప్పేదంతా ఊహే కదా, పేర్లు, భాష, నమ్మకాలు తెలియని మనుషుల గురించి పిల్లలకు ఏం చెబుతామని కొందరు ఆచార్యులు అడుగుతారు. ఇందులో కొంత నిజముంది. అయితే ప్రశస్తి శాసనం నమ్మదగిన సాక్ష్యమని ఎవరన్నారు? రాజు డబ్బిచ్చి రాయించుకున్న పొగడ్తను ఎంత జాగ్రత్తగా జల్లెడ పట్టాలో, రాతి పెచ్చునూ అంతే జాగ్రత్తగా చదవాలి. రెండో దానికి అబద్ధం చెప్పవలసిన అవసరమైనా లేదు.

ఈ పక్షపాతానికి మూల్యం తరగతి గదిలోనే కాదు, నేల మీద కూడా చెల్లిస్తున్నాం. కోట గోడ కూలితే పత్రికల్లో ఫొటో వస్తుంది, ఎమ్మెల్యే వచ్చి చూసి వెళతారు. జ్వాలాపురం బూడిదను వ్యాపారం కోసం తవ్వి తరలించినప్పుడు, గ్రానైట్ క్వారీల కోసం రాకాసి గుళ్లు అనే ప్రాచీన రాతి సమాధులు, గుట్టల మీది రాతి చిత్రాలు చెదిరిపోతున్నప్పుడు అంత అలజడి పుట్టదు, ఎందుకంటే అక్కడ ఏ రాజూ లేడు, తమవాడని చెప్పుకోవడానికి ఏ కులానికీ ఏ పార్టీకీ ఎవరూ దొరకరు. ఆంధ్రప్రదేశ్‌కు 1960 నాటి పురావస్తు చట్టం ఉంది, తెలంగాణకు 2017 నాటి వారసత్వ చట్టం ఉంది. గుట్టను లీజుకిచ్చే ముందు పురావస్తు శాఖ సిబ్బంది ఆ గుట్ట ఎక్కి చూసి రాతపూర్వకంగా నివేదిక ఇవ్వాలని, ఆ నివేదికను గ్రామసభ ముందు పెట్టాలని రెండు ప్రభుత్వాలూ నిబంధన తేవాలి. శాతవాహనుల రాజధాని ఎక్కడన్న వాదన ఇంకో పదేళ్లు ఆగగలదు, క్వారీ యంత్రం ఆగదు.