నిచ్చెన ఒక్కసారి ఎక్కితే చాలు

దీపావళికి చూరు వెంట కట్టిన లైట్లు వారం తిరక్కుండా విప్పేయడం, థాంక్స్‌గివింగ్ అవగానే క్రిస్మస్‌కని మళ్లీ నిచ్చెనెక్కడం అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో చూస్తూనే ఉంటాం. ఎందుకొచ్చిన శ్రమ? చూరుకు వార్మ్ వైట్ (పసుపు ఛాయ తెలుపు) లైట్లు కడితే రెండు పండుగలకూ సరిపోతుంది. గుమ్మానికి తోరణం దించి రీత్ (ఆకులతో అల్లిన క్రిస్మస్ చక్రం) తగిలిస్తే చాలు. పండుగ లైట్ల తాత్కాలిక వైరింగ్‌కి ఇక్కడి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 90 రోజుల గడువిస్తుంది. 2025లో దీపావళి అక్టోబర్ 20నే వచ్చింది, అయినా సంక్రాంతి దాకా ఆ గడువులోనే సరిపోయింది.

కాకపోతే వానలో, మంచులో అన్నాళ్లు నిలవాలి. ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చిన సీరియల్ సెట్లు ఇందుకు పనికిరావు. అవి 230 వోల్టులవి, ఇక్కడి 120కి గుడ్డిగా వెలుగుతాయి, లేదా అసలు వెలగవు. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు కదా! ఔట్‌డోర్ అని రాసి, యూఎల్ (భద్రతా పరీక్ష) గుర్తున్నవే కొనండి.

చూరుకు సీ9 అనే పెద్ద సైజు బల్బులు నిండుగా ఉంటాయి. అడుగుకొకటి చొప్పున 100 అడుగులకు 100 బల్బులు. పాతరకం ఫిలమెంట్‌వైతే ఒక్కోటి 7 వాట్లు, మొత్తం 700. 15 ఆంపుల సర్క్యూట్ మీద గంటల తరబడి 1440 వాట్లు దాటకూడదు, గరాజ్‌లోని ఫ్రిజ్ కూడా తరచూ ఆ లైన్ మీదే ఉంటుంది. ఎల్‌ఈడీలైతే ఈ బెంగ లేదు. వైరును స్టేపుల్ చేయకండి, గట్టర్ క్లిప్పులు వాడండి.

వాన పడ్డ రాత్రి లైట్లన్నీ ఒక్కసారే ఆరిపోతే బల్బులు పీకి చూడకండి. చాలాసార్లు జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే రక్షణ స్విచ్) ట్రిప్ అయి ఉంటుంది. గడ్డిలో పడున్న జాయింట్‌లోకి నీళ్లు చేరడమే కారణం. దానికి టేపు చుట్టేస్తే లోపలి తేమ బయటికి పోలేక ఇంకా చెడుతుంది. జాయింట్‌ను నేలలో గుచ్చిన చిన్న స్టేక్‌కి (గుంజకి) కట్టి నేలకు ఎగువన ఉంచండి. ప్లగ్గుకు ముందు వైరును కిందికి వంపుగా వదిలితే, జారే నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. అంతా ఆరాకే రీసెట్ నొక్కాలి.

ఇక హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం. థాంక్స్‌గివింగ్ తర్వాతే లైట్లు పెట్టాలని మీ కాలనీ రూల్స్‌లో ఉంటే, దీపావళి నుంచే అనుమతించేలా మార్చమని బోర్డును అడగండి. అడిగేదేదో ఆగస్టులోనే అడగాలి, నోటీసు వచ్చాక కాదు.